మోచేతి మీద తారు చుక్క

భద్రాచలంలో డిగ్రీ చదివేటప్పుడు, 2006లో, ఖమ్మంలో జరిగిన కాలేజీల పోటీల్లో ఐదు వేల మీటర్ల పరుగులో మొదట వచ్చాను. నీళ్లు తాగేలోపే ఫిర్యాదు! నేను ఆ కాలేజీలో చదవడం లేదట, బయటి నుంచి తెచ్చి, ఆ కాలేజీ పిల్ల పేరుతో దింపారట. చదివేవాళ్లే పరుగెత్తాలన్నది రూలు. గుర్తింపు కార్డు ఎవరైనా చేయించుకోవచ్చని వాళ్ల వాదన.

పోటీలు చూసే మేడం మా కాలేజీవాళ్ల దగ్గరున్న నా పదో తరగతి మెమో తెప్పించారు. "ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ అని ఉంది. ఏదమ్మా, చూపియ్యి."

అక్కడ మచ్చే లేదు! పదో తరగతిలో ఉండగా మా ఊరికి తారు రోడ్డు వేశారు. చేతికంటిన తారు చుక్కను చూసి, మా సారు పుట్టుమచ్చ అని రాసేశారు. కాదని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

ఈ సంగతి చెబితే అందరూ పగలబడి నవ్వారు. మేడం మాత్రం నా పేరు కొట్టేయడానికి పెన్ను తీశారు. అప్పుడు రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి ముందుకొచ్చింది. ఫిర్యాదు చేసింది ఆమె కాలేజీవాళ్లే. నా పేరు పోతే మొదటి బహుమతి ఆమెదే.

"గీ పిల్ల వేరేటామె కాదు మేడం. బడిల ఉన్నప్పటి సంది ప్రతి పోటీల గీమె ఎనకనే ఉరుకుతున్న. మచ్చ సంగతి నాకెర్క లేదు గానీ, గీ వీపును యాడ జూసినా గుర్తువడ్త!"

మేడం కూడా నవ్వేసి పెన్ను మూత పెట్టారు.

అన్నేళ్లు నా వెనకే పరుగెత్తిన ఆమె ముఖాన్ని నేను సరిగ్గా చూసింది మాత్రం ఆ రోజే.