కరుణకు బౌలింగ్ నేర్పింది డ్రిల్లు సారు కాదు

మా చిన్నప్పుడు సూర్యాపేటల మా సర్కారు బడి గ్రౌండంతా మగపిల్లలది... వరండా మాది. ఆటల పీరియడ్ బెల్లు కొట్టంగనే వాళ్లు బ్యాట్లు పట్టుకొని ఉరికేటోళ్లు. మేం వరండాల కూసొని గచ్చకాయలు ఆడేటోళ్లం.

కరుణ మాత్రం కూసునేది కాదు.

కరుణ నా బెంచి పిల్ల. చివ్వెంల దిక్కు నుంచి బస్సుల వచ్చేది. అమ్మానాయన కూలికి పోయేటోళ్లు. సెలవొస్తే తను గూడ నాట్లకు పోయేది. ఎడమ చేత్తో బాల్ ఇసిరితే ఎక్కడ పడుతదో మాకు కనిపించేది కాదు... గోడకు తగిలిన చప్పుడే ఇనపడేది.

తొమ్మిదో తరగతిల ఒకరోజు మగపిల్లలకు ఒక మనిషి తక్కువైండు. బ్యాటు పట్టుకొని ఉన్న టీం కెప్టెన్ నవ్వుకుంట, "రా కరుణా, ఒక ఓవర్ ఏద్దువు" అన్నడు. ఊళ్లె పెద్ద రైతు కొడుకు వాడు. వాళ్ల నాయనంటే మా సార్లందరికీ భయమే.

మూడో బాల్‌కే వాని వికెట్ ఎగిరిపోయింది.

మేం వరండాల నుంచి చప్పట్లు కొడుతనే ఉన్నం... డ్రిల్లు సారు వచ్చిండు. "ఎవరే నిన్ను గ్రౌండుల అడుగు పెట్టమన్నది? ఎదిగిన పిల్లవు, సిగ్గులేదా?" అని కరుణను నడి గ్రౌండుల మోకాళ్ల మీద నిలబెట్టిండు. మధ్యాన్నం ఎండ. ఆఖరి బెల్లు దాక లేవనియ్యలే.

లేచినప్పుడు మోకాళ్లల్ల గులకరాళ్లు దిగి ఉన్నయ్. ఏడ్వలే. "సార్, వాడు అవుటైతే అయిండు గద?" అని అడిగింది.

చెంప మీద కొట్టిండు.

మేం ఇరవై మందిమి చూసుకుంట నిలబడ్డం. ఒక్కరం నోరు తెర్వలే... నేను గూడ.

మాకు లెక్కలు చెప్పే విజయ మేడంది కోదాడ. ఆమెకు సంగతి తెలిసి కరుణను పిలిచింది. "వాళ్లు ఆడితే లేని తప్పు నువ్వు ఆడితే ఎందుకమ్మా? రేపు గంట ముందు వచ్చెయ్" అన్నది. తెల్లారి నుంచి బడి వెనక కొంగు నడుముకు దోపుకొని మేడమే కీపర్. క్రికెట్ గురించి ఆమెకు ఏం తెల్వదు. లైబ్రరీల పుస్తకం చదువుకొని వచ్చి చెప్పేది. వేళ్లు వాచినా చాక్‌పీస్ పట్టుకొని క్లాసు చెప్పేది.

మిర్యాలగూడల అమ్మాయిల సెలక్షన్లు పడ్డయ్. బడి నుంచి ఉత్తరం కావాలె. "ఆడపిల్లల టీమే లేదు మన బడికి. లేని టీంకు సంతకం ఎట్ల పెట్టిస్త?" అన్నడు డ్రిల్లు సారు. మేడం తనే ఉత్తరం రాసి, బాధ్యత నాదేనని సంతకం పెట్టి, కరుణను బస్సెక్కించుకొని పోయింది.

కరుణ సెలక్ట్ అయింది. మేడంకు మెమో వచ్చింది... నెల తిరగకముందే తుంగతుర్తి అవతల ఏదో ఊరికి బదిలీ. సాగనంప పోతే ఊకోనని సారు మమ్ముల బెదిరించిండు. ఎవ్వరం పోలే. ఆమె ఒక్కతే పెట్టె మోసుకుంట గేటు దాటింది.

కరుణ హైదరాబాద్ హాస్టల్‌కు పోయింది. స్టేట్‌కు ఆడింది. తర్వాత ఇండియాకు ఆడింది. మొదటి మ్యాచ్ నేను మిర్యాలగూడల అత్తగారింట్ల టీవీల చూసిన. వికెట్ పడంగనే నేనేసిన కేకకు మా అత్త పిండి చేతులతోనే ఉరికొచ్చింది, నాకేమన్న అయిందేమోనని.

ఇప్పుడు మేం మళ్ల సూర్యాపేటలనే ఉంటున్నం. మా బిడ్డ గూడ అదే బడిల చదువుతున్నది. పోయిన శనివారం ఆ బడిల కరుణకు సన్మానం. గేటు పొడుగూతా ఫ్లెక్సీ... "మా బడి తయారుచేసిన అంతర్జాతీయ క్రికెటర్" అని. ఆమె పక్కన ఎవరి ఫొటో అనుకున్నరు? డ్రిల్లు సారుది! కింద "తొలి గురువు" అని రాసిండ్రు. రిటైరైన మనిషిని పిలిచి శాలువా కప్పిండ్రు. ఆయన మైకు పట్టుకొని, "బాల్ పట్టుడు నేర్పిందే నేను" అన్నడు... జనం చప్పట్లు కొట్టిండ్రు. నాకు ఒళ్లు మండిపోయింది.

కరుణ మైకు తీసుకున్నది. "సారు నాకు నేర్పింది ఒక్కటే... ఎండల మోకాళ్ల మీద నిలబడుడు. బౌలింగ్ నేర్పింది విజయ మేడం. ఆమెను పిలిచిండ్రా?"

"అడ్రస్ దొరకలే మేడం" అని హెడ్మాస్టర్ నసిగిండు.

"నన్ను అడిగితే చెప్తుంటి గద" అని, ముందల కూసున్న ఆడపిల్లల దిక్కు తిరిగింది. "మీరు గ్రౌండుల ఆడుతరా?"

ఒక పిల్ల లేచింది. "మగపిల్లలు ఆడినంక టైముంటే రమ్మంటరు మేడం... టైము ఉండదు."

అప్పుడు చూడాలె కరుణ మొఖం! స్టేజీ దిగి, "లేవుండ్రి" అని ఆ పిల్లలను గ్రౌండులకు తోల్కపోయింది. సన్మానానికి వచ్చిన నాయకుని స్పీచు ఖాళీ కుర్చీలకు నడిచింది. ఇక్కడ పిల్లలు లైను కట్టి బాల్ ఏసిండ్రు. ఒకదానిది అడ్డం పోయినా, "ఇంకోటెయ్" అన్నది కరుణ.

కరుణ పోయేముందు నేను దగ్గరికి పోయి, "ఆ రోజు నేను నోరు తెర్వలే కరుణా" అన్న.

"అప్పుడు తెర్వలే. ఇప్పుడు తెరువు" అని కారెక్కింది. కోదాడకు, మేడం ఇంటికి.

సోమవారం నేను ఇంకో ముగ్గురు తల్లులతోని పోయి హెడ్మాస్టర్ ముందల కూసున్న. మంగళ, శుక్రవారాలు గ్రౌండు ఆడపిల్లలకని రాయించుకునేదాక లేవలే.

బడికి కొత్త బిల్డింగు వచ్చింది... కంప్యూటర్లు వచ్చినయ్... ఆడపిల్ల ఆడుకునే జాగ మాత్రం ఇంకా కొట్లాడితేనే దొరుకుతున్నది. మీ బడిల గూడ గిట్ల ఆపేసిన పిల్లలు ఉండే ఉంటరు. వాళ్ల పేర్లు కింద రాయుండ్రి. కరుణ ఇండియాకు ఆడింది కాబట్టి ఆమె పేరు అందరికీ తెలిసింది... ఆడనియ్యక ఇంటికి పంపినోళ్ల పేర్లు ఎవరు రాస్తరు?