బారువ ఒడ్డున నాచుకి వేసిన వాటాలు

మా మేనకోడలు శిరీష సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తోంది. భావనపాడు రేవు రాళ్ల మీద పెరిగే గోధుమ రంగు నాచు, బారువ దగ్గర నీళ్ల కింది రాళ్ల మీద పెరిగే నాచు చూపుకి ఒకటే. జన్యువుల్లో కూడా ఒకటేనా, లేక ఎప్పుడో విడిపోయిన రెండు వంశాలా అన్నది ఆమె ప్రశ్న. అంతా ఒకేలా ఉంటే ఒక్క తెగులుకో, ఒక్క చెడ్డ వేసవికో మొత్తం పోవచ్చు. వేరైతే ఒకచోట పోయినదాన్ని మరోచోటి నుంచి తెచ్చి పూడ్చలేం. ఎండలు ముదిరితే నాచు తెగి కొట్టుకుపోతుంది. మళ్లీ చలికాలం వచ్చేసరికి ఆమె ఫెలోషిప్ ముగుస్తుంది. అందుకే తోడు రమ్మంటే ఫిబ్రవరిలో బయల్దేరాను.

భావనపాడు పని ముందు రోజే అయిపోయింది. రాత్రి టెక్కలిలో పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకే పలాస బస్సెక్కాం. పలాసలో టిఫిన్ చేసి, మరో బస్సులో జీడితోటలు, కొబ్బరితోటలు దాటి సోంపేట చేరాం. అక్కడి నుంచి బారువకి షేరు ఆటోలు దొరుకుతాయి. పడవకి మాత్రం ముందు రోజే మాట్లాడుకోవాలి.

పడవ నూకరాజుది. మేమూ ఎక్కాం. అతనూ, మరో ఇద్దరూ దూరం దూరంగా ఉన్న రాళ్ల దగ్గర మునిగి, రాయికో కుచ్చు చొప్పున నాచు తెచ్చారు. శిరీష ఒక్కోదాన్నీ ఒక్కో వల సంచిలో వేసి చీటీ కట్టింది. పది గంటలకి ఒడ్డుకొచ్చి, టీ తాగడానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి సంచులన్నీ ఖాళీ. గోనెపట్టా మీద నాచు సమానమైన కుప్పలుగా ఉంది. పక్కన నూకరాజు భార్య దానమ్మ చేతులు కడుక్కుంటోంది.

"ఏటి బాబూ, అలా సూత్తన్నారు? అందరికీ సమంగా వాటాలేసినాను. పడవకో వాటా. మీక్కూడా ఒకటుంది."

ఇక్కడ వేటకి వెళ్లొచ్చిన పడవలో ఏమున్నా ముందు ఒకే కుప్ప పోస్తారు, తర్వాత పంచుతారు. ఎవరి సంచి ఎవరిదన్న పేచీ రాకుండా ఆమె అదే చేసింది. ఏ కుచ్చు ఏ రాయిదో తెలియకపోతే ఆ నమూనా పనికిరాదు. శిరీష ఇసుకలో కూలబడింది.

"అంతా ఒకటే పాసి కాదేటమ్మా?" అంది దానమ్మ.

"ఒకటో కాదో తేల్చడానికే వచ్చానక్కా."

దానమ్మ మొహం పాలిపోయింది. నూకరాజు నవ్వాడు. "వాటాలెయ్యకపోతే దీని సెయ్యి ఊరుకోదమ్మా!"

"నువ్వు ముందే సెప్పొద్దా మావా? నవ్వుతాడు మళ్లీ! గాలి తిరగకముందే ఎల్లు."

తిండి కూడా తినకుండా ముగ్గురూ మళ్లీ పడవ తోశారు. దక్షిణపు గాలి పెరుగుతుండగా, పన్నెండు దాటాక అన్ని రాళ్ల నాచుతోనూ, రాయికో సంచి చొప్పున, తిరిగొచ్చారు. శిరీష ఒక్కో కుచ్చునీ తేమ పీల్చే గుళికలున్న కవర్లో పెట్టేదాకా దానమ్మ పక్కనే కాపలా కూర్చుంది. మొగుడు చెయ్యి చాపితే, "ముట్టుకోకు మావా, కలిసిపోతాది!" అని కసిరింది.

రెండు తీరాల నాచూ ఒకటేనో కాదో ల్యాబులో తేలడానికి నెలలు పడుతుంది. ఆ ప్రశ్న ఇంకా బతికి ఉందంటే, ఆకలితో రెండోసారి మునిగిన ఆ ముగ్గురి వల్లే. బయల్దేరేటప్పుడు దానమ్మ ఆకులో చుట్టిన చేపలు మా చేతిలో పెట్టింది. పడవెక్కినవాళ్లకి వాటా ఉంటుందట. అటు వెళ్లేవాళ్లకి ఒక మాట: ఏవి కలపకూడదో పడవలో ఉన్నవాళ్లకే కాదు, ఒడ్డున ఎదురుచూసేవాళ్లకీ ముందే చెప్పండి. మీ వాటా ఇస్తే మాత్రం వద్దనకండి.