నీలి గుర్తు పెట్టెలతో కడప దాకా

లేదు, బస్సులో కరెంటు సామాన్లు తీసుకుపోతే ఎవరూ ఏమీ అనరు. సీటు కిందికి తోసి పక్కన కూర్చుంటే చాలు. కల్లూరులో మా మామ దేవదానం షెడ్డులో బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు చేస్తాం. ఈ మధ్య వాటిలో నేను బ్లూటూత్ కూడా పెడుతున్నాను. రైతు గట్టు మీద నిలబడి ఫోన్ నొక్కితే మోటారు ఆడుతుంది. కడపలో అంగడి ఉన్న ఖాజా భాయ్ ఈ సంగతి విని, కొన్ని పట్టుకురమ్మన్నాడు. ఆయన తీసుకుంటే సీజనంతా మాకు పని. లేదంటే మామ షెడ్డు మూసేసి ఇంకొకరి దగ్గర కూలికి పోవాలి. అందుకే బయలుదేరాం.

పొద్దున ఆరింటికి షేర్ ఆటోలో కర్నూలు బస్టాండుకు చేరాం. అక్కడి నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప. టికెట్ మనిషికి మూడొందల పైనే, ప్రయాణం ఐదు గంటలు పట్టింది. కండక్టర్ మా సంచిని కాలితో తోసి చూశాడు.

"ఏమప్పా, బండలు మోస్తాండారా?"

"స్టార్టర్లన్నా. ఫోన్‌తో ఆడతాయి," అన్నాడు మామ గర్వంగా.

"అట్లయితే ఈ బస్సుకూ ఒకటి బిగించప్పా. డ్రైవరన్న టీ తాగతాంటే నేనే నడుపుతా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

కడపలో దిగి ఎర్రకారం దోశ తిన్నాం. "పిల్లోనికి కారం తగ్గించాల్నా?" అని పెనం దగ్గరి అక్క అడిగింది. "వద్దులేక్కా, కర్నూలోడు," అన్నాడు మామ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మొత్తం తిన్నాను.

ఖాజా భాయ్ తన అంగడిలో పెట్టెను ఆడించి చూసి, "శానా బాగుండాది," అన్నాడు. అంతలోనే ఆయన వేలు మూత మీది నీలి స్టిక్కర్ దగ్గర ఆగింది.

"ఈ బ్లూటూత్ గుర్తు మీకెవరిచ్చినారప్పా?"

మా షెడ్లలో ఒక అలవాటుంది. లోపల ఏ సామాను వేస్తే దాని గుర్తు పైన అంటిస్తాం, మూత తీయకుండానే రైతు నమ్మాలని. మామ అదే చెప్పాడు. "లోపల ఉండాది కదా భాయ్. దుడ్లిచ్చే కొన్యాం."

"చిప్పు కొన్యావు. గుర్తు కొన్యావా?"

పోయినేడు ఇలాంటి గుర్తున్న స్పీకర్లు అమ్మితే ఆయనకు నోటీసు వచ్చిందట. ఆ పేరూ గుర్తూ ఒక కంపెనీల సంఘానివని, అందులో చేరి మన పెట్టెను మన పేరుతో నమోదు చేయించుకోవాలని చెప్పాడు. చిప్పు చేసినవాళ్లకున్న అనుమతి మన పెట్టెకు దానంతటదే రాదట. గాలిలో సంకేతాలు పంపే సామానుకు సర్కారు అనుమతి కూడా చూపాలట.

"స్టిక్కర్ గీకేస్తే సరిపోదా భాయ్?" అన్నాడు మామ.

"పైనది గీకుతావు. లోపలిది యాడికి పోతాది?"

మామ సంచి సర్దడం మొదలుపెట్టాడు. కొత్తవాళ్ల ముందు నాకు నోరు రాదు. అయినా స్క్రూడ్రైవర్ తీశాను. పాడైతే మార్చడానికి సులువుగా ఉంటుందని బ్లూటూత్ ముక్కను ముందే విడిగా బిగించి ఉంచాను. దాన్ని ఊడదీసి, స్టిక్కర్ గీకేసి, పచ్చ బటన్ నొక్కాను. స్టార్టర్ టక్కున పట్టుకుంది.

"ఇప్పుడు ఇట్లే అమ్ముకో భాయ్. కాగితాలొచ్చినాక ఈ ముక్క నేనే వచ్చి బిగిస్తా."

ఖాజా భాయ్ నవ్వాడు. "ఏమప్పా దేవదానం, ఇంతసేపూ నీ అల్లుడు మూగోడనుకున్యా!" సంచిలోవన్నీ అలాగే మార్చి ఇచ్చి పొమ్మన్నాడు. సీజనంతా పంపమన్నాడు.

తిరుగు బస్సులో ఆ ముక్కలన్నీ నా జేబులో గలగలలాడాయి. నాకు దిగులు అనిపించలేదు. చేసిన పని మాదే, అది ఎక్కడికీ పోలేదు. పైన అంటించిందే ఇంకొకరిది. ఇలాంటి సామానుతో బయలుదేరేవాళ్లకు ఒక్క మాట: చిప్పు కొన్న రోజే దాని అనుమతి కాగితాల నకలు అడిగి తీసుకోండి, స్టిక్కర్లు అచ్చు వేయించేది మీ పేరుతో నమోదయ్యాకే. మా పెట్టె మీద ఇప్పుడు మామ పేరు ఒక్కటే ఉంది. మీ సామాను మీద ఉన్న గుర్తుల్లో మీవి ఎన్ని?