అత్తయ్య బొట్టు పెట్టిన లాకు కత్తి

ఆ రోజుల్లో నోరు బాగా ఆడే కుర్రాడు సేల్స్‌మన్‌గా పనికొస్తాడని లోకం అనుకునేది. నేనూ అదే అనుకుని, భవానీపురంలో మా మేనత్త ఇంట్లో ఉంటూ, బెజవాడలో ఒక ఇనప సామాన్ల హోల్‌సేల్ షాపులో కుదిరాను. మా ఓనరుగారు (పెళ్ళాంపిల్లల గురించి అడిగినట్టే "సరుకెలా ఉంది?" అని అడుగుతారు కాబట్టి మాలో మాకు ఆయన 'సరుకుగారు') కొట్లవాళ్ళకి చూపించి ఆర్డర్లు తెమ్మని నా చేతికొక మడత కత్తి ఇచ్చారు. తెరవగానే వెనక గాడిలో చిన్న ఇనప నాలుక టక్కుమని పడి లాకయ్యేది. మళ్ళీ మీట నొక్కితే తప్ప మూసుకునేది కాదు. దాన్ని చూస్తే నాకెంత గౌరవమో! తొంభైల్లో మాట మీద నిలబడిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే (కరెంటు నిలబడేది కాదు, సిటీ బస్సు మేం నిలబడ్డ చోట నిలబడేది కాదు).

దసరాకి ముందు సరుకుగారు పిలిచి, "కంకిపాడు మామ్మగారు ఆర్డరిస్తే నువ్వు పర్మనెంటు. ఇవ్వకపోతే మళ్ళీ ఇటు రాకు" అన్నారు. ఆవిడ అక్కడ ఇనప కొట్టు నడుపుతారు. చుట్టుపక్కల తోటల్లో పనిచేసేవాళ్ళంతా కత్తులు ఆవిడ దగ్గరే కొంటారు. నా కంగారు చూసి అత్తయ్య, ఆయుధపూజ నాడు కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ, మామయ్య స్కూటరుకీ బొట్లు పెట్టాక నా కత్తి కూడా తీసుకుంది. "నీ ఉద్యోగం దీని మీదే కదరా" అంటూ పిడికీ, అలుగుకీ పెట్టి, గాడిని వదిలేస్తే అపచారమనుకుందో ఏమో, అందులోనూ పసుపూ గంధం నిండా మెత్తింది. నేను భక్తిగా కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాను.

పండగ వెళ్ళిన మర్నాడు కంకిపాడు కొట్లో, ఏసుప్రభువు పటం కింద కూర్చున్న మామ్మగారి ముందు నా ప్రసంగం మొదలైంది. చుట్టూ నలుగురు బేరగాళ్ళు కూడా చేరేసరికి నాకు ఊపొచ్చింది. "పిడుగు పడినా ఈ లాకు కదలదండి మామ్మగారూ!" అంటూ కత్తి తెరిచి, దాని వీపు బల్లకేసి కొట్టాను. కత్తి వినయంగా మడుచుకుపోయింది. నా చూపుడువేలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. బేరగాళ్ళు నవ్వారు. నాకు కంకిపాడు బస్టాండూ, దాని వెనకే సరుకుగారి మొహమూ కనిపించాయి.

మామ్మగారు మాత్రం నవ్వలేదు. "టక్కుమనలేదబ్బాయ్. నువ్వు మాట్లాడుతున్నావు కదా, నీకు వినపడి ఉండదు" అని కత్తి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశారు. "గాడిలో ఇదేంటయ్యా, మట్టా?"

"గంధమండీ. మా అత్తయ్య పూజ చేసి..."

"ఓసినీ! ఎంత ప్రేమగా కూరిందయ్యా!" ఆవిడ గాజుకున్న పిన్నీసు తీసి, ఎండిన గంధాన్ని కొంచెం కొంచెంగా గీకి, కాగితంలో పొట్లం కట్టి నా జేబులో పెట్టారు. "పారెయ్యకు. పెద్దావిడ నీకోసం పెట్టింది." తర్వాత నన్ను నోరు మూసుకోమని సైగ చేసి కత్తి తెరిచారు. టక్! ఈసారి ఆవిడే బల్లకేసి కొట్టారు. మేకుల డబ్బాలు ఎగిరిపడ్డాయి గానీ లాకు కదల్లేదు. "లాకు మంచిదే. పడ్డదీ లేనిదీ అదే చెబుతోంది. ఓ పెట్టె పంపమను మీ ఓనర్ని" అన్నారు. ఆ క్షణాన ఆ పిన్నీసుకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంటికొచ్చి ఆర్డరు సంగతి చెబితే అత్తయ్య, "చూశావా, బొట్టు పెట్టబట్టే!" అంది. ఆ మొహంలో వెలుగు చూశాక మిగతా కథ చెప్పడానికి నాకు నోరు రాలేదు (నాకు నోరు రాకపోవడం అదే మొదటిసారి). ఏటా ఆవిడ గాడి నిండా మెత్తేది, నేను మర్నాడు పెరట్లో కూర్చుని చాటుగా గీక్కునేవాణ్ణి.

ఇప్పుడు అత్తయ్య లేదు. కత్తి ఉంది, లాకు ఈనాటికీ టక్కుమంటుంది. మొన్న ఆయుధపూజకి నేనే బొట్టు పెట్టాను. తెలివైనవాణ్ణి కదా, పిడి మీద మాత్రమే పెట్టాను. తీరా మూసేద్దామంటే చెయ్యి రాలేదు. వేలికి మిగిలిన గంధం కాస్త గాడిలో మెత్తి, పిన్నీసు ఇమ్మని మా ఆవిణ్ణి పిలిచాను.