ఏడో నంబరు పొట్లం

ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివానని చెప్పుకునే హక్కు నాకుందా అని నాకే అనుమానం. ఆ రోజుల్లో మిర్యాలగూడలో మా ప్రైవేటు కాలేజీ ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో నడిచేది. కింద టైర్ల దుకాణం, పైన మేము. ల్యాబ్ కూడా ఉండేది (అంటే 'రసాయనశాస్త్ర ప్రయోగశాల' అన్న బోర్డూ, దాని కింద తాళమూ ఉండేవి). రెండేళ్లలో మేము బట్టీ పట్టని సమీకరణం లేదు, చేత్తో పట్టిన పరీక్షనాళిక ఒక్కటీ లేదు. రికార్డులు మాత్రం నిండుగా ఉండేవి, సీనియర్ అక్కల రికార్డులు చూసి దింపాం కాబట్టి. 'తెల్లని అవక్షేపం ఏర్పడినది' అని నలభై చోట్ల రాసి ఉంటాను. ఆ అవక్షేపం విరిగిన పాలలా ఉంటుందో, పేరుకున్న గంజిలా ఉంటుందో నాకు తెలియదు. అయినా ఆ సబ్జెక్టంటే పిచ్చి. రంగులేని రెండు ద్రవాలు కలిస్తే రంగున్న మూడోదేదో పుడుతుందని చదివినప్పుడల్లా ఒళ్లు జలదరించేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా చేత్తో నేను ఒకటి కనుక్కోవాలని కోరిక. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద జాలేస్తుంది.

ప్రాక్టికల్స్‌కు వారం ముందు తాళం తీశారు. పరీక్షలో ఒక్కొక్కరికి నంబరు వేసిన పొట్లం ఇస్తారు. అందులో ఉన్న లవణమేదో పరీక్షలు చేసి తేల్చాలి. మా కాలేజీలో తేల్చడమంటే ల్యాబ్ మామ వంక చూడటమే. ల్యాబ్ మామ మా అటెండరు. పొట్లాల జాబితా ఆయన జేబులో ఉండేది. నెత్తి మీద చెయ్యి పెడితే లెడ్ నైట్రేట్, ముక్కు గోక్కుంటే అమ్మోనియం క్లోరైడ్, దగ్గితే అల్యూమినియం సల్ఫేట్. "బుక్కులు మూసి నన్ను సూడుండ్రి, అందరు పాసయితరు" అని మూడు రోజులు మాతో సాధన చేయించాడు. రెండేళ్లలో మేము శ్రద్ధగా చేసిన ప్రాక్టికల్ అదొక్కటే. (పరీక్ష రోజున మామకు నిజంగానే దగ్గు పట్టుకుంది. కిటికీ వైపు రెండు బల్లల వాళ్లూ మూకుమ్మడిగా అల్యూమినియం సల్ఫేట్ రాశారు.)

నాకు ఏడో నంబరు పొట్లం వచ్చింది. మామ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. లెడ్ నైట్రేట్ అన్నమాట. పొట్లం విప్పాను. ఆ తెల్లటి పలుకులు ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, మా పొలం గట్టు మీద! మాది పెద్దవూర పక్కన పల్లె, సాగర్ కాలువ కింద వరి. వరి ఆకులు తుప్పు పట్టినట్టయితే మా నాయిన జింకు చల్లేవాడు. ఆ సంచి ముడి విప్పి బకెట్లో పోసి అందించే పని నాది. గోళ్ల సందుల్లో ఎన్నిసార్లు ఇరుక్కుందో ఆ పలుకు! ఇది లెడ్ కాదు, జింకు.

అనుకుంటే సరిపోదు కదా, రుజువు చేయాలి. మొదటిసారి పరీక్షనాళిక పట్టుకున్నాను. బేరియం క్లోరైడ్ వేశాను, తెల్లగా దిగింది, ఆమ్లం పోసినా కరగలేదు. సల్ఫేట్! తర్వాత ఇంకో నాళికలో పొటాషియం ఫెర్రోసైనైడ్ వేశాను. నీలిఛాయతో తెల్లటి అవక్షేపం నా కళ్ల ముందు పుట్టింది. (విరిగిన పాలలానే ఉంటుంది. నాకు తెలిసిపోయింది.) మామ దూరం నుంచి నెత్తి మీద టపటపా కొట్టుకుంటున్నాడు. చివరికి ఉండబట్టలేక పక్కకొచ్చాడు.

"ఏంది బిడ్డా, నెత్తి మీద చెయ్యి వెట్టిన గద! సూస్తలేవా?"

"ఇది లెడ్ కాదు మామా, జింకు."

మామ ముఖం పాలిపోయింది. "ఊకో, ఊకో. పాత సీసాలల్ల అంత గడ్డ కట్టింది. పెద్దసారు ఆయన ఎరువుల దుకాణం నుంచి సంచి పంపిండు. అన్ని సీసాలల్ల గదే వోసిన. అన్ని తెల్లగనే ఉంటయ్ గద!"

పెద్దసారంటే కాలేజీ యజమాని. అంటే ఆ గదిలో అందరి చేతుల్లోనూ ఉన్నది మా నాయిన చల్లే జింకే. అందరూ దాన్ని తలో పేరుతో రాస్తున్నారు. నేను కాయితం మీద 'జింక్ సల్ఫేట్' అని రాసి కింద గీత గీశాను. ఆ క్షణం ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

అప్పుడొచ్చాడు ఈక్వేషన్ సార్. కోదాడ ఆయన, మా కెమిస్ట్రీ లెక్చరరు. మాట మెత్తన. నా కాయితం చదివాడు, నాళిక ఎత్తి వెలుతురులో చూశాడు. ఆయన కళ్లలో ఒక మెరుపు. నేను చూశాను, అబద్ధం చెప్పను.

"బాగా చేశావమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ లిస్టులో ఏముందో అదే రాయి."

"సార్, ఇది నిజంగా..."

"నిజమేనమ్మా. ఎగ్జామినర్ గారి దగ్గరున్నది కూడా ఆ లిస్టే. దాని ప్రకారం నీ జవాబు తప్పు. కాదని నువ్వు వాదిస్తే బ్యాచ్ మొత్తం పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. సూర్యాపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ సీటు కావాలన్నావుగా? మార్కులు పోగొట్టుకోకు."

కెమిస్ట్రీ చదవాలంటే కెమిస్ట్రీని కొట్టేయాలి. పదిహేడేళ్ల పిల్లకు ఎంత చక్కటి పాఠం! నేను స్కేలు పెట్టి తిన్నగా గీత గీసి 'జింక్ సల్ఫేట్' కొట్టేశాను. పక్కన లెడ్ నైట్రేట్ అని రాశాను. పొటాషియం అయోడైడ్‌తో పసుపు అవక్షేపం ఏర్పడినది అని, చూడని రంగును కూడా అందంగా వర్ణించాను. ముప్పైకి ముప్పై వచ్చాయి. ఇంటికెళితే మా నాయిన అడిగాడు. "ఏం మందు ఇచ్చిన్రు బిడ్డా పరీచ్చల?" సీసం నాయినా అన్నాను. "గవన్ని మనకేం తెలుస్తయిలే" అన్నాడు ఆయన, గర్వంగా. మూలనున్న జింకు సంచి వంక చూడలేక తల దించుకున్నాను. ఈక్వేషన్ సార్ మీద ఆ కోపం చాలా ఏళ్లు మోశాను.

సీటు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు నేను కోదాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్‌ని. మా ల్యాబ్‌లో లేబుళ్లు రాలిపోయిన సీసాలున్నాయి. కొత్తవి కావాలని రాసి రాసి విసిగిపోయి, అంచనాగా నేనే లేబుళ్లు అతికించాను. మొన్నటి ప్రాక్టికల్స్‌లో ఒకమ్మాయి నాళిక పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "మేడమ్, లిస్టులో లెడ్ అని ఉందంటున్నారండీ. పసుపు రావట్లేదండి, ఇది లెడ్ కాదండి" అంది. కళ్లు వెలిగిపోతున్నాయి. ఎగ్జామినర్ గారు లిస్టు ముందేసుకుని కూర్చున్నారు. నాళిక తీసుకుని వెలుతురులో చూశాను. ఆ పిల్ల చెప్పింది నిజమే.

"బాగా చేశావమ్మా. కానీ లిస్టులో ఏముందో అదే రాయి," అన్నాను. నా గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ పిల్ల వెళ్లి కూర్చుని పౌచ్‌లోంచి స్కేలు తీసింది. నాకు నవ్వొచ్చింది, ఏం చేయను. సాయంత్రం పేపర్లు కట్ట కడుతూ ఆ కాయితం దగ్గర ఆగాను. గీత తిన్నగా ఉంది, దాని కింద కొట్టేసిన అక్షరాలు శుభ్రంగా చదవడానికి వస్తున్నాయి. రెండుసార్లు చదివి, కట్టలో పెట్టి, ఎగ్జామినర్ గారికి ఇచ్చేశాను.