సాక్ష్యంలా రాసిన దరఖాస్తు

బిజినెస్ టాక్సేషన్‌లో పీజీ చేయాలని హైదరాబాద్‌లోని ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టినప్పుడు మార్కుల మెమోలు, పని అనుభవం కాగితం అన్నీ సులువుగానే కుదిరాయి. ఒక్క చోట ఆగిపోయాను. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక పేజీలో మీ మాటల్లో రాయండి అన్నారు. బీదర్‌లో పుట్టి, బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ పెరిగినదాన్ని, మాటలకు నాకేం కొదవ? కానీ నా గురించి నేనే ఒక పేజీ రాసుకోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పని విద్య.

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్తారు. ఎవరైనా లేచి తమకు జరిగిన మేలు చెప్పి కూర్చుంటారు. పరీక్ష పాసైతే దేవుడు పాస్ చేయించాడనాలి, ఉద్యోగం వస్తే దేవుడు ఇచ్చాడనాలి. చిన్నప్పుడు ఒకసారి నేను లేచి "మస్తు చదివిన, ఫస్ట్ వచ్చిన" అన్నాను. ఇంటికొచ్చాక మా నాయిన పక్కన కూర్చోబెట్టుకుని, మన చేతులతో అయ్యేది ఏదీ లేదని, అంతా ఆయన చేయించేదేనని చెప్పాడు. నాయిన సంఘ పెద్ద. కొట్టలేదు, తిట్టలేదు. మెల్లగా చెప్పాడు కాబట్టే ఆ మాట నాలో ఇంకిపోయింది.

అందుకే ఆ పేజీని సాక్ష్యంలాగే రాశాను. దేవుని కృపవల్ల బీకాం పూర్తయింది, ఆయన దయవల్ల మా ఊరి నౌబాద్‌లో ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర పని దొరికింది, ఆయన చిత్తమైతే పైచదువు చదువుతాను అని. నాయినకు చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని విని, "మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నాడు. పంపించేశాను.

నేను అన్న అని పిలిచే ఆ కన్సల్టెంట్ బజారులో హోల్‌సేల్ కిరాణా నడిపే తెలుగు వ్యాపారుల ఇంటివాడు. మరునాడు నా పేజీ చూసి తల పట్టుకున్నాడు.

"గిదేంది చెల్లే, సీటు నీకు గావాల్నా, మీ దేవునికి గావాల్నా?"

నాకు ఒళ్ళు మండింది. మా ప్రార్థనలతో ఈయనకేం పని అనుకుని ఆ రోజంతా ముక్తసరిగా మాట్లాడాను.

నిజానికి ఆ చదువు మీద నాకు అంత పట్టుదల ఎందుకో ఆ పేజీలో ఎక్కడా లేదు. మా నాయినకు నౌబాద్‌లోనే ఒక చిన్న వెల్డింగ్ షెడ్డు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్స్, ఫ్యాక్టరీలకు ఇనుప ర్యాకులు చేసేవాడు. నేను పీయూసీ, అంటే ఇంటర్, చదివేటప్పుడు ఆయన జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయింది. సరైన బిల్లు ఇవ్వలేని షెడ్డుకు ఫ్యాక్టరీలవాళ్ళు పని ఇవ్వడం మానేశారు. కొన్నాళ్ళకు షెడ్డు మూతపడింది. ఆ ఆదివారం నాయిన చర్చిలో లేచి, ఇది దేవుని చిత్తమని, ఇందులోనూ ఏదో మేలు ఉంటుందని సాక్ష్యం చెప్పాడు. అప్పటినుంచి స్కూటర్ మీద వెళ్ళి ఇంకొకరి షెడ్డులో కూలికి వెల్డింగ్ చేస్తున్నాడు. ఒక్కనాడూ నోరు తెరిచి బాధపడలేదు. ఆ నమ్మకమే ఆయన్ను నిలబెట్టింది.

ఆఫీసులో చేరాక నాయిన షెడ్డుకు ఏం జరిగిందో నాకు అర్థమైంది. కొన్ని నెలలు పన్ను రిటర్న్‌లు వేయకపోతే, రద్దు చేసేముందు కారణం అడుగుతూ నోటీసు ఇస్తారు. అది కంప్యూటర్‌లో పడి ఉంటుంది, ఇంటి తలుపు తట్టదు. గడువులోపల జవాబు రాసి, ఆగిపోయినవి వేసేస్తే రిజిస్ట్రేషన్ నిలబడుతుంది. బసవకళ్యాణ్ పప్పుల వ్యాపారి ఒకాయనకు అలాగే జవాబు రాసి నిలబెట్టాను. ఆయన సంతోషంతో మిఠాయి తెచ్చి పెడితే, నాయిన షెడ్డు గుర్తొచ్చి తినకుండా పక్కన పెట్టేశాను. ఆ సంగతి నాయినకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్క ఓదార్పునూ ఎలా లాక్కోను?

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. గదిలో ముగ్గురు. మధ్యలో కూర్చున్న మేడమ్ నా పేజీ పక్కన పెట్టి, "అమ్మా, ఇందులో దేవుడున్నాడు, ఆయన దయ ఉంది. నువ్వెక్కడున్నావు?" అన్నారు.

చిన్నబోయాను. ఆమె వెక్కిరించలేదు. "బయట కూర్చుని మళ్ళీ రాసివ్వు. ఇది చూసి మాత్రం నీకు సీటు ఇవ్వలేను" అని తెల్లకాగితం చేతిలో పెట్టారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఈ సీటు పోతే మళ్ళీ అడిగే ధైర్యం నాకు రాదని తెలుసు. మా నాన్న షెడ్డును దేవుడు మూయలేదు అని రాశాను. నోటీసు వచ్చింది, జవాబు ఎవరూ ఇవ్వలేదు, అలాంటి జవాబులు ఇప్పుడు నేను రాస్తున్నాను, ఇంకా బాగా రాయడం నేర్చుకోవాలి అని రాశాను. పాపం చేస్తున్నానేమోనని భయమేసింది. అయినా అందులో కొట్టేయడానికి ఒక్క అబద్ధమూ కనబడలేదు. మేడమ్ చదివి, నోటీసుల గురించి చాలాసేపు అడిగారు. అన్నింటికీ చెప్పాను.

సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో నాయిన మోకరించి కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. లేచాక ముఖం నిండా సంతోషంతో నా వైపు తిరిగాడు.

"ఆడ మల్ల రాపిచ్చిన్రు అంటివి గద. ఏం రాసినవ్? నాకు సుత చెప్పు, ఇంటా."

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆయన నమ్మేవాడే. కానీ ఆయన ముందు అబద్ధం ఆడటం నాకు చేతకాలేదు. రాసింది రాసినట్టు చెప్పాను.

"నోటీసా? నాకేం రాలేదు గద."

"కంప్యూటర్‌ల వచ్చింది నాయినా. మన లెక్కలు చూసేటాయన చూసుకోలేదేమో."

నాయిన నా ముఖంలోకి చూశాడు.

"జవాబిస్తే షెడ్డు నిలవడుతుండెనా?"

"నిలవడుతుండె నాయినా."

నాయిన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. నన్ను కోప్పడతాడనుకున్నాను, ఏడుస్తాడేమోననీ అనుకున్నాను. చివరికి నా వైపు చూడకుండానే అన్నాడు.

"షెడ్డు మూసింది దేవుడే అని ఇన్నేండ్లు ఆయన మీద ఏసిన గద బిడ్డా."