లోపల ఎవరన్నా ఉండారా?

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా పక్కింటి మామ ఒకప్పుడు గనిలో రాళ్లు పేల్చే పని చేసేవాడు. గని మూతపడ్డాక కంప్యూటర్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. పని మారినా అలవాటు మారలేదు. మా పాత కంప్యూటరులో అంతా తుడిచేసి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయడానికి వచ్చిన రోజు, బటన్ మీద వేలుంచి, గనిలో పేల్చే ముందు కేకేసినట్టే అడిగాడు: "లోపల ఎవరన్నా ఉండారా?"

నాకు నవ్వొచ్చింది. "అన్నీ పాత బిల్లులే. నొక్కెయ్ మామా."

"నువ్వు చూసినావా? చూసి చెప్పమ్మా. అందరూ పైకి వచ్చినాకే పేల్చాల."

విసుక్కుంటూనే ఒక్కో ఫోల్డరూ తెరిచాను. పేరు పెట్టని ఒకదానిలో ఏదో ఆడియో ఉంది. నొక్కితే, చనిపోయిన మా నాన్న గొంతు. కొత్తగా కొన్న మైకును పరీక్షిస్తున్నాడు: "ఏమ్మా, వినపడతా ఉండాదా?"

మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీ నాయన ఉండాడు గదమ్మా లోపల! ముందు ఆయన్ని పైకి తీసుకురా."

ఆ ఆడియోను పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. అప్పుడుగానీ ఆయన బటన్ నొక్కలేదు.

ఇప్పుడు మామ కూడా లేడు. నాన్న గొంతు పెట్టుకున్నప్పుడల్లా "వినపడతా ఉండాది నాయనా" అంటాను. ఆ మాటలో సగం మామకే.